తాళం వేసి వెళ్లిన రోజులు

మా ఇంటికి మొదటి తాళం కొన్నది నేను కాపురానికి వచ్చిన పదిహేడో ఏట. అంతకుముందు ఆ ఇంటికి తాళమన్నది లేదు. తలుపుకి గొళ్ళెం ఉండేది. అది కూడా మేకలు లోపలికి రాకుండా పెట్టేదే. కవిటికి కాస్త ఇవతల కొబ్బరితోటల మధ్య బంగాళా పెంకుల ఇల్లు మాది. ముందు వరండా, వరండాలో నా కుట్టుమిషను. పొద్దున్న వంటయ్యాక మిషను ముందు కూర్చుంటే చూపు ఆనినంతసేపూ అక్కడే. జాకెట్లు, లంగాలు, బడిపిల్లల యూనిఫారాలు కుట్టేదాన్ని. దారిన పోయేవాళ్లు ఒక మాట అనే పోయేవాళ్లు. ఇల్లు ఖాళీగా ఉండడమంటే ఏమిటో ఆ ఇంటికి తెలియదు.

మా ఆయన నాకు మేనబావ. పెళ్లయ్యాక కూడా ‘బావా’ అనే పిలిచేదాన్ని. పలాసలో ఒక జీడిపప్పు కార్ఖానాలో సూపర్‌వైజరు. తెల్లవారగానే సోంపేట వెళ్లి రైలెక్కేవాడు, పొద్దుగూకాక వచ్చేవాడు. చొక్కాకి ఎప్పుడూ కాల్చిన జీడిపిక్కల వాసన ఉండేది. మాకు ఒక్కతే కూతురు. అప్పటికి టెక్కలిలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది.

తొంభైల చివర్లో బావకి కాళ్లు వాచడం మొదలైంది. తిన్నది ఇమడేది కాదు. మా వైపు ఈ కిడ్నీ జబ్బు లక్షణాలు ఎవరికీ చెప్పనక్కర్లేదు. వెనక వీధిలో ఇద్దరికి, తోట అవతల ఒకరికి అప్పటికే వచ్చాయి. రక్తపరీక్ష చేయించుకుని కాగితం జేబులో పెట్టుకుని వచ్చిన రోజు బావ నాతో ఒక్క మాటే అన్నాడు. “మనకీ వచ్చీసింది.” ఏడాది తిరిగేసరికి డయాలసిస్ తప్పదన్నారు. అప్పట్లో మాకు దగ్గరలో ఎక్కడా ఆ మిషన్లు లేవు. విశాఖపట్నం పోవాలి. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం.

అలా మా ఇంటికి తాళం అవసరమైంది. సోంపేట బజారులో ఇనప సామాన్ల కొట్లో కొన్నాను. కొట్టాయన తాళాన్ని రెండుసార్లు వేసి తీసి చూపించి, ఏడు లివర్లది, గొలుసు తెగుతుంది గానీ ఇది తెగదని చెప్పాడు. అది వేసి మొదటిసారి బయల్దేరిన తెల్లవారుజామున, ఆటో ఎక్కాక కూడా నా చెయ్యి ఒడిలో ఉన్న తాళంచెవి మీదే ఉంది. ఇంటిని ఎవరికో అప్పగించి పోతున్నట్టు అనిపించింది. పోనీ అప్పగించామా అంటే, ఎవరూ లేరు.

ఇంకో మనిషి గురించి చెప్పాలి. మాకు మూడు మైళ్ల దూరంలో సముద్రం ఒడ్డున జాలర్ల ఊరుంది. అక్కడినుంచి ఒకామె రోజూ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని మా ఊళ్లకు వచ్చేది. నాకంటే పదేళ్లు పెద్ద. నేను అప్పా అనేదాన్ని, ఆమె నన్ను సెల్లీ అనేది. అమ్మకం అయ్యాక మధ్యాహ్నం మా వరండా మెట్ల మీద కూర్చుని, ఖాళీ తట్ట బోర్లించి, చెంబుడు నీళ్లు తాగి, ఎండ తగ్గేదాకా కబుర్లు చెప్పేది. భర్త సముద్రం మీద పోయాడు. ఒక్కడే కొడుకు. గుజరాత్ పడవల మీద పనికి పోయి ఏడాదికి ఒకసారి నెలరోజులు వచ్చేవాడు. వాడు వచ్చే నెల దగ్గర పడుతుంటే ఆమె కబుర్లన్నీ వాడి చుట్టూనే తిరిగేవి. ఆమెకి జాకెట్లు నేనే కుట్టేదాన్ని. కుట్టుకూలి ఇస్తే పుచ్చుకునేదాన్ని కాదు. మర్నాడు ఒక ఆకులో నాలుగు చేపలు మూట కట్టి మెట్టు మీద పెట్టి పోయేది.

నాలుగైదు నెలలు మేము తాళం వేసి వెళ్లడం, రావడం ఏ ఇబ్బందీ లేకుండా జరిగిపోయింది. వానలు పడుతున్న ఒక మంగళవారం, దీపాలు పెట్టే వేళ దాటాక వచ్చి తలుపు తీశాం. తాళం వేసింది వేసినట్టే ఉంది. లోపల అడుగు పెట్టగానే కాళ్ల కింద నీళ్లు. పైకి చూస్తే వెనక గది కప్పులో పెంకులు లేవు. ఒక మనిషి దూరేంత మేర ఆకాశం కనిపిస్తోంది.

ఇత్తడి బిందెలు, మా అమ్మ పెట్టిన పెద్ద గంగాళం పోయాయి. ట్రంకు పెట్టె పోయింది. అందులో నా పెళ్లిపట్టు చీర, మా అమ్మాయి కోసం దాచిన జత గాజులు. వెనక గదిలో చాపలో చుట్టి పెట్టిన ఊరివాళ్ల జాకెట్టు గుడ్డలు కూడా ఎత్తుకుపోయారు. గాజుల సంగతి కంటే ముందు నాకు ఆ గుడ్డల మీదకే ప్రాణం పోయింది. మనది పోతే ఏడుస్తాం. పరాయివాళ్లది పోతే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. బావ మాత్రం గోడకి ఆనుకుని నిలబడి, “నా ఫైలేదీ?” అన్నాడు.

ఫైలు ట్రంకు పెట్టెలోనే ఉంది. స్కానింగులు, రక్తపరీక్షలు, డాక్టర్ల చీటీలు, ఏడాదిన్నర నుంచి దాచినవన్నీ. దొంగకి అవి దేనికి? అయినా పోయాయి. మూడో రోజున తోటలో కొబ్బరిమట్టలు ఏరుకునే ఆడమనిషి తడిసి ముద్దయిన కాగితాలు కొన్ని తెచ్చి ఇచ్చింది. అక్షరాలు కలిసిపోయాయి. బావ వాటిని ఒక్కొక్కటే విడదీసి వరండాలో తాడు కట్టి ఆరేశాడు. ఆరాక చూస్తే చదవడానికి పనికొచ్చేవి నాలుగే.

పోలీసు కానిస్టేబులు ఒకాయన వచ్చి కుర్చీలో కూర్చుని రాసుకున్నాడు. పెంకులు చూశాడు, గోడ చూశాడు. మీరు ఏ రోజు ఇంట్లో ఉండరో ఎవరికి తెలుసని అడిగాడు. అందరికీ తెలుసు అనాలి. ఊరంతటికీ తెలుసు. కానీ బావ కాసేపు ఆలోచించి, “రోజూ వచ్చి ఈ మెట్ల మీద కూకునేది ఒక్కర్తే. సేపలమ్మే ఆవిడ. ఆవిడ కొడుకు కూడా ఇప్పుడు ఊళ్లోనే ఉన్నాడు” అన్నాడు.

నేను పక్కనే నిలబడి ఉన్నాను. అలా అనకు బావా అనడానికి నోరు తెరిస్తే సరిపోయేది. తెరవలేదు. ఆమె అలా చేస్తుందని నేను నమ్మలేదు. కానీ కప్పులో ఆ కన్నం చూసినప్పటి నుంచి మనసులో అందరి ముఖాలూ ఒకటొకటిగా తిరుగుతున్నాయి, వాటిలో ఆమె ముఖమూ ఉంది. అంతే. కానిస్టేబులు ఆ మాట కూడా రాసుకుని పోయాడు.

ఆమె కొడుకుని తీసుకుపోయి రెండు రోజులు కూర్చోబెట్టారట. ఏమీ దొరక్క పంపేశారు. వాడు నెల నిండకుండానే గుజరాత్ వెళ్లిపోయాడని కిరాణా కొట్టు దగ్గర ఎవరో అంటుంటే విన్నాను. ఆ తర్వాత ఆమె మా వీధిలోకి రావడం మానేసింది. అవతలి వీధిలోనుంచి ‘సేపలో’ అనే కేక వినిపించేది, మా మలుపు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేది. ఆ కేక ఆగే చోట నా కాలు కూడా మిషను మీద ఆగేది.

ఇక బావ ఇంటిని పట్టుకున్నాడు. అప్పటికే కార్ఖానా మానేశాడు. హాస్పిటల్‌కి వెళ్లని రోజుల్లో కాస్త ఓపిక ఉంటే చాలు, ఇంటి చుట్టూ తిరిగేవాడు. మా అమ్మాయి పాత నోటుపుస్తకంలో ఇంటి బొమ్మ గీసి, మనిషి దూరడానికి వీలున్న చోటల్లా ఎర్ర సిరాతో చుక్క పెట్టేవాడు. కిటికీలకి కడ్డీలు బిగించాం. పెంకుల కింద వాసాలకి ఇనప వల కొట్టించాం. వెనక గోడ మీద సీసాపెంకులు గుచ్చాం. పెరటి తలుపుకి లోపల అడ్డకర్ర పెట్టాం. ఒక చుక్క కొట్టేసేసరికి ఆయనకి ఇంకోచోట కొత్త చుక్క కనిపించేది. ఒకరోజు నీళ్ల తూము దగ్గర వంగి చూస్తున్నాడు. అందులోంచి పిల్లి తప్ప ఏం దూరుతుంది బావా అన్నాను. “పిల్లి దూరితే పాము దూరదా, పాము దూరితే మనిసి దూరడా” అన్నాడు. నవ్వడానికి అన్నాడేమో అనుకుని చూశాను. నవ్వడం లేదు.

పెరటి వైపు చెట్టుకీ చెట్టుకీ మధ్య తాడు కట్టి ఖాళీ పాలడబ్బాలు వేలాడదీశాడు. ఎవరైనా తగిలితే చప్పుడవుతుందని. తగిలే మనిషి ఎవరూ రాలేదు గానీ సముద్రం గాలికి అవి ఎప్పుడూ మోగుతూనే ఉండేవి. మోగినప్పుడల్లా ఇద్దరం తల ఎత్తేవాళ్లం. వారం తిరక్కుండా నేనే కత్తిరతో తాడు కోసేశాను. తర్వాత కుక్కని తెచ్చాడు. అది ఊళ్లో ఎవరినీ చూసి మొరగలేదు. పాలవాడిని చూసి తోక ఊపేది. హాస్పిటల్ నుంచి వచ్చిన రోజుల్లో బావని చూసి మాత్రం గుర్తుపట్టనట్టు దూరంగా నిలబడి మొరిగేది. ఒంటికి పట్టిన మందుల వాసనకేమో. ఆయన గేటు దగ్గర ఆగి, అది మొరగడం ఆపేదాకా ఓపికగా నిలబడేవాడు.

నాకు ఆయన్ని చూసి విసుగొచ్చేది. కానీ నా పరిస్థితీ వేరుగా లేదు. తాళం వేసి, లాగి చూసి, నాలుగడుగులు వేసి, మళ్లీ వెళ్లి లాగి చూసేదాన్ని. వేసిన గుర్తు వేళ్లకి ఉండేది, మనసుకి ఉండేది కాదు. రైలు నౌపడా దాటినా చెయ్యి ఒడిలోని తాళంచెవి మీదే ఉండేది. విశాఖపట్నంలో ఆయన్ని మిషను మీద పడుకోబెట్టాక నాలుగు గంటలు కదలకుండా ఉండాలి. అరగంట గడిచేసరికి చెయ్యి ఊపి పిలిచేవాడు. ఒకసారి ఫోన్ చేసి కనుక్కో అనేవాడు. హాస్పిటల్ ఎదురుగా ఎస్టీడీ బూతు. మా ఊరి కిరాణా కొట్లో ఒక ఫోన్ ఉంది. నేను ఫోన్ చేసి, కాస్త మా ఇంటి వైపు చూడమని బతిమాలేదాన్ని. మొదట్లో కొట్టాయన నిజంగానే వెళ్లి చూసి వచ్చేవాడు. రానురాను ఫోన్ ఎత్తి నా గొంతు వినగానే, “ఉన్నాదమ్మా, మీ ఇల్లు ఎక్కడికీ ఎల్లలేదు” అని పెట్టేసేవాడు. నేను తిరిగి వార్డులోకి వచ్చి, చూశాడట, అంతా బాగానే ఉందట అని చెప్పేదాన్ని. బావ కళ్లు మూసుకునేవాడు. ఇంకో గంటకి మళ్లీ చెయ్యి ఊపేవాడు.

ఇలా ఏడాది దాటాక ఒక మంగళవారం మేము సోంపేట స్టేషన్‌కి సగం దూరం పోయాక, పెరటి తలుపుకి అడ్డకర్ర పెట్టలేదని నాకు అనిపించింది. అనిపించడం కాదు, కర్ర గోడకి ఆనించి ఉండడం కళ్లకి కట్టినట్టు కనిపించింది. బావకి చెప్పకూడదనుకున్నాను. ఆటో ఇంకో ఫర్లాంగు పోయింది. చెప్పేశాను. ఆయన ఆటోవాడి భుజం మీద చెయ్యి వేసి వెనక్కి తిప్పమన్నాడు. ఇంటికి వెళ్లి తాళం తీసి పెరటిలోకి పరిగెత్తాను. కర్ర తలుపుకి అడ్డంగా, నేను ఎప్పుడూ పెట్టినట్టే ఉంది. దాని మీద చెయ్యి వేసి కాసేపు అలా నిలబడిపోయాను.

స్టేషన్‌కి వెళ్లేసరికి రైలు వెళ్లిపోయింది. తర్వాతది ఆలస్యమని, రోడ్డు మీదకి వచ్చి బస్సెక్కాం. కోటబొమ్మాళి దగ్గర లారీలు అడ్డం పడి బస్సు గంటకి పైగా ఆగిపోయింది. మేము హాస్పిటల్‌కి చేరేసరికి మా మిషను మీద ఇంకొకరు ఉన్నారు. ఉండకేం చేస్తారు, మా వేళ దాటిపోయింది. సాయంత్రం ఎవరైనా రాకపోతే చూస్తామన్నారు. బావని వరండాలో బల్ల మీద కూర్చోబెట్టాను. మధ్యాహ్నానికి ముఖం ఉబ్బింది. పడుకుంటే ఊపిరి ఆడటం లేదు, కూర్చునే ఉండాలి. నేను వీపు నిమురుతూ నిలబడ్డాను. గోడ గడియారంలో ముల్లు నేను చూస్తున్నంతసేపు కదలకుండా, తల తిప్పినప్పుడు కదిలేది. చీకటి పడే ముందు మిషను ఖాళీ అయింది.

సూది గుచ్చి మిషను తిరగడం మొదలయ్యాక, ఆయన ఊపిరి కాస్త కుదురుకున్నాక, నా వల్లే ఇదంతా అన్నాను. ఆటో తిప్పించకుండా ఉండాల్సిందన్నాను.

“నువ్వు తిప్పించకపోతే నానే తిప్పిద్దును” అన్నాడు బావ. “మనం సచ్చిపోతాం గానీ ఆ కర్ర మాత్రం అక్కడే ఉంటాది” అన్నాడు.

ఆ నెలాఖరులోనే పోలీసుల దగ్గర్నుంచి కబురొచ్చింది. పగటిపూట తాళం వేసిన ఇళ్లు చూసుకుని కప్పు విప్పి దిగే ఇద్దరు పట్టుబడ్డారట. దొరికిన సామాన్లలో మీవి ఉంటే గుర్తుపట్టాలి రమ్మన్నారు. నేనొక్కదాన్నే వెళ్లాను. స్టేషన్ వెనక రేకుల షెడ్డులో బిందెలు, చెంబులు, గంగాళాలు కుప్పగా పోసి ఉన్నాయి. నా పెళ్లికి ముందే మా అమ్మ గంగాళం అంచు మీద చుక్కలు చుక్కలుగా నా పేరు కొట్టించింది. వేలితో తడిమితే తగిలింది. గాజులు, చీర లేవు. జాకెట్టు గుడ్డలూ లేవు. వాటి బదులు నేను అప్పటికే కొత్తవి కొని కుట్టి ఇచ్చేశాను.

అప్పుడు ఆ ఇద్దరినీ చూపించారు. ఒకడిని నేను గుర్తుపట్టాను. పాత బట్టలు తీసుకుని స్టీలు సామాన్లు ఇచ్చే మనిషి. దొంగతనానికి నెల ముందు మా వరండాకే వచ్చాడు. నేను రెండు పాత చీరలిచ్చి ఒక స్టీలు డబ్బా తీసుకున్నాను. ఇంకా ఉన్నాయి, మళ్లీ వస్తారా అని అడిగింది నేనే. వస్తానమ్మా, మంగళవారం వస్తాను అన్నాడు. మంగళవారం, శుక్రవారం వద్దు, ఆ రెండు రోజులూ ఇంటికి తాళం ఉంటుంది, విశాఖపట్నం పోతాం అని చెప్పింది కూడా నేనే. మిషను తొక్కుతూ, తల కూడా ఎత్తకుండా చెప్పాను.

గంగాళం ఆటోలో పెట్టుకుని ఇంటికి వచ్చి బావకి అంతా చెప్పాను. ఆయన గంగాళం అంచు మీద నా పేరు తడిమి చూశాడు. తర్వాత, ఆవిడ దగ్గరికి ఎవరో ఒకరు వెళ్లాలి కదా అన్నాడు. ఆ ఇసకలో అంత దూరం నడిచే ఓపిక ఆయనకి లేదు. నేనే వెళ్లాను.

వాళ్ల ఊరికి ఆటో సరుగుడు తోట దాకే పోతుంది. అక్కడినుంచి ఇసకలో నడక. ఆమె ఇంటి ముందు ఇసకలో పరిచిన పరదా మీద చేపలు ఎండేస్తోంది. నన్ను చూసి లేవలేదు. చేతిలోవి పరిచేదాకా పరిచి, చెంగుతో చేతులు తుడుచుకుంది. నేను నిలబడే చెప్పాను. దొంగలు దొరికారని, మీ వాళ్లు కాదని తెలిసిపోయిందని, మా రోజులు వాళ్లకి చెప్పింది నేనేనని, ఆ రోజు కానిస్టేబులు ముందు నేను నోరు మెదపలేదని. దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ ఒక నిమిషంలో అయిపోయాయి.

ఆమె సముద్రం వైపు చూస్తూ అంది. “మీ ఇంటికాడ ఏటేటి పోనాయో నాకు తెల్దు సెల్లీ. నాకు మాత్తరం కొడుకు పోనాడు. ఆడు ఈ ఏడాది రానేదు. ఊళ్లో తల ఎత్తుకోనేనని కబురంపినాడు.”

నేను కూర్చుండిపోయాను. ఆమే లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి నా పక్కన పెట్టింది. మా బావ గురించి, బాబు ఎలాగున్నాడని అడిగింది. చెప్పాను. కాళ్ల వాపు, ఊపిరి, రైలు తప్పిపోయిన రోజు, అడ్డకర్ర, అన్నీ చెప్పాను. అడ్డకర్ర దగ్గరికి వచ్చేసరికి ఏడుపొచ్చింది. తాళం వేసి వెళ్తే మనసు ఇంట్లోనే ఉండిపోతోందప్పా, ఒక మనిషి ఉంటే తప్ప ఇలా బతకలేం అన్నాను. రమ్మని అడగడానికి నాకు హక్కు లేదని తెలుసు. అడగలేదు. తాళంచెవి మాత్రం అలవాటుగా చేతిలోనే ఉంది. ఆమె దాని వైపు చూసింది.

“మంగళారం, శుక్కురారం నాను వచ్చి కూకుంటాను. ఆ తాళంసెవి మాత్తరం నాకియ్యకు. తాళం ఎయ్యనే ఎయ్యకు. తలుపులు బార్లా తీసి ఒగ్గీసి ఎల్లిపోండి. దారమ్మట పోయేవోళ్లందరికీ ఇంట్లో ఏటున్నాదో, నాను ఎక్కడ కూకున్నానో కనపడాల. సెవి నా కాడ ఉంటే రేపు సెంబు పోయినా నా మీదికే వత్తాది.”

ఆ మాటల్లో కోపం లేదు. లెక్క ఉంది. ఆ లెక్క ఆమెకి ఎవరి వల్ల వచ్చిందో నాకు తెలుసు.

బావకి చెప్తే ఒప్పుకోడనుకున్నాను. తలుపులు తీసి వెళ్లడమా? ఆయన నోటుపుస్తకం తీసి ఎర్రచుక్కల వైపు చూశాడు. మూసి మళ్లీ బల్ల మీద పెట్టాడు. “ఆవిడ ఎలగంటే అలగే” అన్నాడు.

ఆ శుక్రవారం చేపల బేరం మానుకుని ఆమె చీకటితోనే వచ్చింది. ముందు తలుపు, పెరటి తలుపు రెండూ తీసి పెట్టి, అటునుంచి ఇటు చూస్తే కొబ్బరితోట కనిపించేలా ఇంటిని వదిలి బయల్దేరాం. తాళం వేసి వెళ్లిన రోజుల కంటే ఎక్కువ భయమేసింది. రైల్లో నా చెయ్యి ఉత్తి ఒడిలోనే వెతుక్కుంది. బావ నౌపడా దాటేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నాడు. హాస్పిటల్‌లో ఒకసారి చెయ్యి ఎత్తాడు, ఫోన్ కోసమే అనుకుని లేచాను. దుప్పటి కప్పమన్నాడు.

తిరిగి వచ్చేసరికి దీపం వెలిగించి ఉంది. ఆమె వరండాలో చెంగు పరుచుకుని నిద్రపోతోంది. తలుపులు తీసినవి తీసినట్టే. కుక్క ఆమె కాళ్ల దగ్గర పడుకుని ఉంది. బావని చూసి లేవబోయింది గానీ ఎందుకో మొరగలేదు. నేను ఆమెని లేపబోతే బావ వద్దని సైగ చేసి మెట్టు మీద కూర్చున్నాడు. ఆమెకి ఆమే మెలకువ వచ్చి లేచి కూర్చుంటే, ఆమె ముఖం వైపు చూడకుండా అన్నాడు.

“అప్పా, ఆ రోజు నీ పేరు సెప్పింది నానే. మీ వోడికి ఉత్తరం రాసి ఇత్తాను. నీకు తెలిసిన సిరునామా సెప్పు.”

ఇన్లాండ్ కవరు మీద మధ్యమధ్య పడుకుంటూ ఆయనే రాశాడు. నేను రాస్తానంటే ఇవ్వలేదు. రెండు రోజులు రాశాడు. ఏం రాశాడో నేను చదివాను. పెద్దగా ఏమీ లేదు. తప్పు నాదని, మీ అమ్మ మీద ఊళ్లో ఎవరికీ ఇప్పుడు అనుమానం లేదని, పోలీసులు పట్టుకున్న వాళ్ల సంగతి. చివర్లో, నేను ఎక్కువ కాలం ఉండను, వీలైతే ఈ లోపల రా అని ఉంది. ఆ వాక్యం చదివాక కవరు అంటించడానికి నాకు జిగురు ఎక్కడుందో గుర్తు రాలేదు.

జవాబు రాలేదు. ఆమె మాత్రం మంగళవారం, శుక్రవారం వస్తూనే ఉంది. ఆరేడు నెలలకి ఒక మధ్యాహ్నం నేను మిషను మీద ఉంటే గేటు అవతల ఒక మగమనిషి వచ్చి నిలబడ్డాడు. ఎండకి నల్లబడిన ముఖం, తల్లి పోలికే. లోపలికి రమ్మన్నాను. రాలేదు. బావ గోడ పట్టుకుంటూ గేటు దాకా నడిచి వెళ్లాడు. ఇద్దరూ కంచెకి అటొకరు, ఇటొకరు నిలబడి మాట్లాడుకున్నారు. నేను మిషను ఆపి చూస్తున్నానని తెలిస్తే బాగుండదని ఉత్తి గుడ్డ మీద కుట్టు వేస్తూ కూర్చున్నాను. పావుగంటకి అతను వెళ్లిపోయాడు.

బావ వచ్చి మంచం మీద కూర్చుని ఆయాసం తగ్గాక చెప్పాడు. ఉత్తరం అందిందట. చదివించుకున్నాడట. అయితే వాళ్లమ్మ మా ఇంటి ముందు కాపలా కూర్చోవడం తనకి ఇష్టం లేదన్నాడట. దొంగ అన్నవాళ్ల గుమ్మం కాసేదేమిటి అన్నాడట.

“నువ్వేమన్నావు?”

“న్యాయమే కదా అన్నాను” అన్నాడు బావ.

మర్నాడు నేనే వాళ్ల ఊరికి వెళ్లి, ఇక రావద్దని, మేమేదో చూసుకుంటామని ఆమెకి చెప్పి వచ్చాను. ఆమె ఎండేసిన చేపలు తిరగేస్తూ విన్నది. ఆ రాత్రి నాకు మళ్లీ పాత భయాలన్నీ వచ్చాయి. తాళం ఎక్కడ పెట్టానో వెతికి, తుప్పు పట్టిందేమోనని నూనె వేసి, రెండుసార్లు వేసి తీసి చూశాను.

శుక్రవారం చీకటితో లేచి, బావకి చొక్కా తొడిగి, తాళం చేత్తో పట్టుకుని తలుపు తీశాను. ఆమె మెట్టు మీద కూర్చుని ఉంది. ఎంతసేపటి నుంచి కూర్చుందో తెలియదు. చీర అంచు మంచుకి తడిసింది. ఏమిటప్పా, వద్దన్నాను కదా అన్నాను.

“ఆడు ఆడి మాట సెప్పినాడు. నాను కూడా ఆడికి నా మాట సెప్పినాను” అంది. “ఆటో వచ్చీసినట్టున్నాది. బేగి ఎల్లండి, రైలెల్లిపోద్ది.”

బావ ఆ తర్వాత పద్నాలుగు నెలలు ఉన్నాడు. ఆమె కొడుకు ఊరికి వచ్చినా మా వీధిలోకి మళ్లీ రాలేదు. బావ పోయిన రోజు మాత్రం శ్మశానం దాకా వచ్చి, జనంలో వెనకగా నిలబడ్డాడని ఎవరో చెప్పారు. నాకు కనిపించలేదు. మా అమ్మాయికీ నాకూ తోడుగా ఆమె పది రోజులు మా ఇంట్లోనే ఉండి, వచ్చిన చుట్టాలకి వండి పెట్టింది. పదకొండో రోజున తట్ట నెత్తిన పెట్టుకుని, అన్నాళ్లకి మళ్లీ మా మలుపు దగ్గర ‘సేపలో’ అని కేకేసి, ఆగకుండా మా వీధిలోంచే నడిచి వెళ్లింది.